నాటుదా, హైబ్రిడ్డా?

మూడు నెలలుగా మా ఇంట్లో ఒకటే రగడ: హైబ్రిడ్ కారా, పెట్రోల్ కారా? రోజూ బెళ్ళందూరు ట్రాఫిక్‌లో నిలబడే మా ఆవిడ హైబ్రిడ్డే అంటుంది. నాకు ఉదయం హైబ్రిడ్, సాయంత్రం పెట్రోల్. ఇవాళ తేల్చేద్దామని ఇద్దరం షోరూమ్‌కి బయల్దేరితే, ముళబాగిలు నుంచి వచ్చిన మా మామగారూ ఆటో ఎక్కారు. ఆయన జీవితమంతా టమోటా పండించిన మనిషి.

షోరూమ్ అమ్మాయి ఓపిగ్గా అన్నీ చెప్పింది. అంతా విని మామగారు నా భుజం తట్టారు.

“హైబ్రిడ్డు వద్దప్పా. చూసేకి బాగుంటాది. ఒక పంట అయినాక దాని విత్తనం పనికొస్తాదా? నాటుదే తీసుకో.”

ఆ అమ్మాయి నవ్వింది. “అంకుల్, ఇది టమోటా కాదు. ఇందులో పెట్రోల్ ఇంజిన్, బ్యాటరీ రెండూ ఉంటాయి.”

“అదే కదమ్మా, రెండు జాతులు కలిపినారు. రేపు ఆ బ్యాటరీ పోతే నాటు బండి మాదిరి నడుస్తాదా?”

ఆ అమ్మాయి మేనేజర్‌ని అడిగి చెప్తానని లోపలికి వెళ్ళింది. ఇన్ని రివ్యూలు చదివిన నాకు ఈ ప్రశ్నే తట్టలేదు. మేనేజర్ వచ్చేలోపే, ఆలోచించుకుని వస్తామని బయటపడ్డాం.

మా సందు మొదట్లో ఆటో దిగి, కూరగాయల బండి దగ్గర కిలో టమోటా ఇమ్మన్నాను.

“నాటీనా సార్, హైబ్రిడ్డా?” అన్నాడు బండతను.

మా ఆవిడ నా వైపు చూసింది. మామగారూ చూశారు.

రెండూ అరకిలో చొప్పున ఇమ్మన్నాను. కార్లు కూడా అలా అమ్మేవాళ్ళు మీకెవరైనా తెలిస్తే, దయచేసి కింద రాయండి.