ఫోన్లో దొరికిన మా అమ్మ

ఆత్మకూరు దాటి నల్లమల వైపు కొంచెం పోతే మా ఊరు. మా అమ్మ అక్కడ ఆదివారం పొద్దున్నే పచ్చకామెర్లకు పసరు ఇచ్చేది. అది ఆమె సంపాదించుకున్న విద్య కాదు. మా నాయనమ్మది. చివరి రోజుల్లో కోడలి చేతిలో పెట్టి పోయింది. నగలు కూతుళ్లకిచ్చి ఆకులు నాకిచ్చిందని అమ్మ నవ్వుతూ అనేది. పసరుకు డబ్బు తీసుకోకూడదు, ఇస్తామని చాటుకోకూడదు. ఆ రెంట్లో ఏది తప్పినా హస్తవాసి పోతుందని నాయనమ్మ మాట.

నేను కర్నూల్లో బడిపంతులమ్మను. వీలు దొరికిన ఆదివారాలు ఊరికి పోయి ఆకు నూరి పెట్టేదాన్ని. నాలుగు అక్షరాలు చదువుకున్నదాన్ని కాబట్టి ఆ పసరు మీద నాకు గురి తక్కువ. అమ్మ మీద మాత్రం ఉండేది. ఎందుకంటే వచ్చినవాళ్లను ఆమె మొదట అడిగే మాట జబ్బు గురించి కాదు. "ఎవరు చెప్పి పంపినారప్పా?" అని అడిగేది.

ఆ ప్రశ్నలో చాలా పని ఉండేది. చెప్పి పంపినవాళ్లు ఆమెకు తెలిసినవాళ్లై ఉండాలి. రోగి ఉప్పూ నూనే మానేసి పత్యం ఉన్నాడో లేదో వాళ్లే చూసుకోవాలి. తగ్గిందో లేదో వచ్చి వాళ్లే చెప్పాలి. కడుపు ఉబ్బినా, కాళ్లు వాచినా, మాట తడబడినా అమ్మ ఆకు ముట్టేది కాదు. "ఇది నా చేతిలో లేదు, కర్నూలు పెద్దాసుపత్రికి పోండి" అనేది. రోగి కదిలేదాకా చెప్పి పంపినవాళ్లు ఊరుకునేవాళ్లు కాదు. పసరు వల్ల ఎంతమందికి తగ్గిందో నాకు తెలియదు. ఆ ప్రశ్న వల్ల కొందరు బతికారని మాత్రం ఒట్టేసి చెప్తాను.

మా తమ్ముడికి కల్లూరులో సెల్‌ఫోన్ల షాపు. వాడికి బుద్ధి పుట్టి ఒకసారి మా ఇంటిని ఫోన్లో మ్యాపులోకి ఎక్కించాడు. రోలు ముందు కూర్చున్న అమ్మ ఫొటో, కింద పచ్చకామెర్లకు ఉచితంగా మందు ఇస్తారని అక్షరాలు. జనం దారి తెలియక తిరుగుతున్నారని వాడి బాధ. వాడి మనసులో వేరే ఏమీ లేదు. అమ్మ ఫొటో చూసుకొని "కొంగు సరిగ్గా లేదు గదరా" అని మాత్రం అంది. చాటుకోకూడదన్న మాట మాకెవరికీ గుర్తుకు రాలేదు. చాటింపంటే తప్పెట కొట్టి చెప్పడమే అనుకున్నాం. ఫోన్లో ఉండటం కూడా చాటింపేనని మా ఇంట్లో ఎవరికి తెలుసు?

కొన్నాళ్లకు మా సందులో కార్లు ఆగడం మొదలైంది. కడప నుంచి, బళ్లారి నుంచి, మేము పేరు కూడా వినని ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు. అమ్మ మామూలుగా అడిగింది.

"ఎవరు చెప్పి పంపినారప్పా?"

"ఎవరూ లేదమ్మా. ఫోన్లో కొడితే నువ్వే వచ్చినావు."

"నేను యాడికీ పోలేదే. ఈడనే ఉండాను గదా."

అందరూ నవ్వారు, అమ్మ కూడా. కానీ ఆ రోజు ఆకు నూరడానికి ఆమె వెనకాడింది. మళ్లీ కనబడని మనిషికి మందు ఇవ్వడం ఆమెకు చేతకాదు. అంత దూరం నుంచి వచ్చినవాళ్లను వెనక్కి పంపడమూ చేతకాదు. ఇచ్చింది. తగ్గిందో లేదో చెప్పడానికి వాళ్లలో ఒక్కరూ తిరిగి రాలేదు. బదులుగా ఫోన్లో మెచ్చుకుంటూ ఐదేసి చుక్కలు పెట్టారు. తమ్ముడు వాటిని చూపించి మురిసిపోతుంటే అమ్మ, "చుక్కలు సరే, ఆయప్పకు కండ్లు తెల్లబడినాయా లేదా?" అనేది.

అంతటితో పోయినా బాగుండేది. ఒకనాడు తమ్ముడు పళ్లు కొరుక్కుంటూ ఫోన్ తెచ్చాడు. మా ఊరి పేరు, పక్కన కామెర్ల మందు అని కొడితే ఇప్పుడు మా ఇల్లు మొదట రావడం లేదు. దాని నెత్తి మీద ఇంకెవరిదో ప్రకటన వస్తోంది. అందులో ఒక సీసా, సీసా మీద మా అమ్మ ఫొటో. మందు ఇంటికే పంపుతారట. అది ప్రకటన అన్న మాట ఒక మూలన ఆవగింజంత ఉంది. పెట్టినవాళ్లెవరో, ఏ ఊరివాళ్లో ఎక్కడా లేదు. తమ్ముడు ఫోన్లోనే ఫిర్యాదు రాశాడు. అందిందని జవాబొచ్చింది, అంతే. వాళ్లకంటే పైన కనబడాలంటే మనమూ డబ్బు కట్టాలని వాడు వివరించాడు.

"నా ఇంటికి దోవ చెప్పేదానికి నేనే దుడ్డు కట్టల్లా?" అంది అమ్మ. "కామెర్లొచ్చినోనికి లోకమంతా పచ్చగా కనబడతాదంటారు. ఈ ఫోనుకు ఏమొచ్చిందో, యాడ చూసినా అంగళ్లే కనబడతాండాయి."

మేము నవ్వుకొని ఊరుకున్నాం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ ఫోను ముందు మేమంతా లోకువే.

ఆ ఎండాకాలం ఒక ఆదివారం, వచ్చినవాళ్లంతా పోయాక, ఒకామె వచ్చింది. తుమ్మలపల్లె గనుల వైపు నుంచి బస్సులు మారి ఒంటరిగా వచ్చిందట. భర్తకు గనిలో పని. అమ్మ ఆమె కళ్లు చూడబోతే, "జబ్బు నాకు కాదమ్మా" అంటూ సంచిలోంచి ఖాళీ సీసా తీసింది. అమ్మ ఫొటో ఉన్న సీసా.

కామెర్లు వచ్చింది ఆమె కొడుక్కు. డిగ్రీ చదివే పిల్లాడు. ఫోన్లో వెతికి ఆ మందు తెప్పించారు. అయిపోతే ఇంకో సీసా తెప్పించారు. కడుపు ఉబ్బిందని సీసా మీది నంబరుకు ఫోన్ చేస్తే, మందు పని చేస్తోంది, ఆపొద్దన్నారట. ఆసుపత్రికి తీసుకుపోయేసరికి చెయ్యి దాటిపోయింది. పిల్లాడు పోయాడు.

ఆమె పోట్లాటకు రాలేదు. పోట్లాటకే వచ్చి ఉంటే నేను సీసా లాక్కొని నిజం చెప్పేసేదాన్ని. ఆమె అడిగింది వేరే.

"సప్పిడి కూడు తినలేనని బతిమాలితే ఒకపూట ఉప్పేసి పెట్టినానమ్మా. దానికే పోయినాడా? పత్యం చెడగొట్టి నేనే సంపుకున్నానా?"

అమ్మ సీసా చేతిలోకి తీసుకొని తన ఫొటో చూసుకుంది. నేను నోరు తెరవబోతే నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"నీ తప్పేం లేదమ్మా," అంది. "ఉప్పుకు ఎవరూ సావరు. నా మందే పనిచెయ్యలేదు."

ఆమె లేచి, వాకిట్లో మన్ను దోసిట్లోకి ఎత్తి అమ్మ మీద పోసింది. "నీ చేతులు పడిపోను, నీ మందు మన్నుగాను" అని శాపనార్థాలు పెట్టింది. అమ్మ తల వంచుకొని కూర్చుంది. ఆ తల్లి లోపలికి వచ్చినప్పుడు కంట్లో చుక్క నీరు లేదు. పోయేటప్పుడు మాత్రం బస్సు ఆగే చోటు దాకా గట్టిగా ఏడుస్తూ పోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది, అమ్మ మీద కూడా. ఆమె తలలో మన్ను దులుపుతూ, లేని తప్పు ఎందుకు ఒప్పుకున్నావని అరిచాను.

"మందు నాది కాదంటే, కన్నకొడుక్కు దొంగమందు నా చేతులారా తాపినా అనుకుంటాది. ఆ మాట పెట్టుకోని ఎట్ల బతుకుతాది? ఇప్పుడైతే నన్ను తిట్టుకుంటాది. తిట్టుకోనీ. తిట్టుకునేదానికి ఒక మనిషి ఉంటే నిద్రన్నా పడతాది."

ఆ తర్వాత అమ్మ పసరు ఇవ్వలేదు. చావును ఒప్పుకున్న చెయ్యి మళ్లీ ఆకు పట్టకూడదట. ఒప్పుకున్నది అబద్ధమే కదా అని ఎంత వాదించినా వినలేదు. వచ్చినవాళ్లకు మజ్జిగ ఇచ్చి పెద్దాసుపత్రికి పొమ్మనేది. ఆదివారం పొద్దున చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చునేది. ఆ చేతులు చూస్తే నాకు ఏడుపొచ్చేది. పోయేవరకూ అలాగే గడిపింది.

అమ్మ బతికి ఉండగానే ఫోన్లో ఆమె ఫొటో కింద ఒక మాట పడింది. "ఈమె మందు తాగి మా పిల్లోడు సచ్చిపోయినాడు. ఎవరూ పోవద్దండి." ఆ తల్లే రాసిందో, ఎవరిచేతనైనా రాయించిందో. తమ్ముడు నిజం రాస్తానంటే అమ్మ వద్దంది. సీసా ప్రకటన కొన్నాళ్లకు దానంతట అదే మాయమైంది, ఇప్పుడు ఏ పేరుతో తిరుగుతోందో తెలియదు. ఈ మాట మాత్రం పోలేదు. నా పిల్లలు వాళ్ల అవ్వ కోసం వెతికినా మొదట దొరికేది అదే.

అందుకే ఇక్కడ ఊరి పేరు రాయలేదు, అమ్మ పేరూ రాయలేదు. ఈ పుస్తకం ఆ తల్లి చేతికి పోదని నా ధైర్యం. అప్పుడప్పుడు ఫోన్ తీసి ఆ మాట దగ్గరికి పోతాను. దాని కింద జవాబు రాయడానికి చోటు ఉంది. సీసా మాది కాదని నాలుగు ముక్కలు రాస్తే మా అమ్మ లోకం ముందు మంచిదవుతుంది. రాస్తే ఆ తల్లి చదువుతుంది.