అంచు వదలని మునిరత్నం సార్

మా గురువు మునిరత్నం సార్ ఇక లేరని మొన్న పొద్దున పుంగనూరు నుంచి ఫోను వచ్చింది. పలమనేరు బస్టాండులో నిలబడి విన్నాను. "పొద్దున్నే ఇట్లాంటి మాటలాడొద్దప్పా" అని ఫోను చేసిన మిత్రుణ్ణే తిట్టాను. నిద్రలోనే గుండె ఆగిందట. ఆ వార్త ఇంకా జీర్ణం కాలేదు.

నేల నెర్రెలు విచ్చే సీమలో పుట్టి, మంచు హాకీని జీవనాధారం చేసుకున్న అపూర్వ క్రీడాకారుడాయన. చౌడేపల్లె దగ్గరి పాడి కుటుంబం వాళ్ళది. కువైట్‌లో స్కేటింగు చేసే మంచునేల శుభ్రం చేసే పనికి వెళ్ళి, చూసి చూసి ఆట పట్టేశారు. ఒకనాడు జట్టులో వింగరు రాలేదని ఈయనను దింపారు. వింగరంటే అంచు వెంబడే దూసుకుపోయి, మధ్యనున్న సహచరులకు, మంచు హాకీలో బంతికి బదులు వాడే బిళ్ళను అందించేవాడు.

ఆపై దుబాయి, బ్యాంకాక్, మలేషియా. ఎక్కడ పిలిస్తే అక్కడికి. సీజను ముగిసిందంటే చాలు, వయసులో చిన్నవాడు దొరికాడని ఈయనను పంపేసేవారు. "సంచి సర్దేదాంట్లో నన్ను మించినోడు లేడు" అని నవ్వేవారు సార్. ఆ నవ్వు వెనకున్న వేదన నాకు కుప్పంలో తెలిసింది.

తిరిగొచ్చాక మదనపల్లె టమోటా మార్కెట్టులో, వేలం ముగిసి కడిగేసిన సిమెంటు నేలమీద, మాకు చక్రాల బూట్లతో హాకీ నేర్పారు. చితికిన కాయమీద జారి పడితే, "పడు, పడు! మంచూ ఇట్లే జారతాది!" అనేవారు. మా అందరికీ ఒకటే జబ్బు. వేలం కుప్ప చుట్టూ మూగినట్టు బంతి చుట్టూ మూగేవాళ్ళం.

కుప్పం పోటీకి ముందే మా నాయన తేల్చేశాడు. "ఈ ఒక్క ఆట సూస్తా. పనికొచ్చేదైతే సరి, లేకుంటే రేపట్నించి ఆవుల కాడికే."

ఆట సమంగా సాగుతోంది. నాయన కళ్ళెదుట గోలు కొట్టాలన్న ఆత్రంతో, వింగరుగా ఆడుతున్న నేను అంచు వదిలి మధ్యకు దూరాను. ఆ ఖాళీలోంచే ఎదుటివాళ్ళు వచ్చి గోలు వేశారు. సార్ నన్ను బయటికి పిలిచి బెంచీమీద కూర్చోబెట్టారు. నాయన కంచె దాటి వచ్చేశాడు.

"ఇంత దూరం వచ్చింది కూసోబెట్టేదానికాప్పా? లెయ్ మ్మే, పోదాం."

నేను బూట్ల తాళ్ళు విప్పబోయాను. సార్ నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"అన్నా, నన్ను ప్రతి జట్టూ పంపించేసింది. పంపించేస్తే ఎట్లుంటాదో నాకు తెల్సు. నీ బిడ్డను నేను పంపియ్యను. కూసోబెట్టినానంతే. రొంత సేపు తాళు."

నాయన అక్కడే నిలబడిపోయాడు. సార్ నావైపు తిరిగి, "అంచు ఇడిసి రావద్దు. బంతి రాకపోయినా ఆడే ఉండు. నిన్ను నమ్మినోళ్ళు ఆడికే కొడతారు" అన్నారు.

మళ్ళీ దిగాను. బంతి మధ్యలో, నేను అంచున. కాళ్ళు లాగేస్తున్నా కదల్లేదు. ఆఖరి క్షణాల్లో బంతి నా దగ్గరికి వచ్చింది. మధ్యలో ఉన్న మా జట్టు పిల్లకు అందించాను. ఆమె కొట్టిన దెబ్బ గోలు కంబానికి తగిలి పక్కకు పోయింది. ఓడిపోయాం. నా ఆట అక్కడితో సరి అనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

బస్సెక్కేముందు నాయన సార్ దగ్గరికి పోయి, ఎటో చూస్తూ అడిగాడు. "రేపు ఎన్ని గంటలకు రావాలప్పా పిల్ల?"

ఎన్నో జట్లు తనను వదులుకున్నా, ఆ మహనీయుడు మాలో ఒక్కరినీ వదులుకోలేదు. అటువంటి గురువు మాకు మళ్ళీ లభించరు. ఆ పాదాలకు నా నమస్సులు.

నిన్న పాడె లేచే వేళ శిష్యులందరం దారికి అడ్డంగా నిలబడిపోయాం. పెద్దలు తప్పుకోమన్నా ఎవరమూ కదల్లేదు. చివరికి మా నాయనే వచ్చి నా భుజం పట్టుకుని, "పంపియ్ మ్మా" అన్నాడు. పంపించడం మాత్రం ఆయన మాకు నేర్పలేదు.