కాంభోజిలో మిగిలిన నాలుగు నిమిషాలు

పన్నెండేళ్లుగా నా ట్రంకు పెట్టెలో ఒక టేపు చుట్ట ఉంది. తూచితే పావుకిలో కూడా ఉండదు. దాన్ని ఇంక మోయలేకపోతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఈపాటికి చెప్పి ఉండేవాడిని.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి ముందుగదిలో ఒక వయొలిన్ విద్వాంసుడు, ఆయన భార్య కిరాయికి ఉండేవారు. గోదావరి వైపు నుంచి వచ్చినవారు. ఆయనను నేను సార్ అనేవాడిని. ముప్పై ఏళ్లు పెద్ద పెద్ద గాయకుల పక్కన కూర్చుని వాయించారు. తన పేరు మీద మాత్రం ఒక్క రికార్డూ లేదు. ఎడమచేతి వేళ్లు అప్పుడప్పుడు మొద్దుబారుతున్నాయని ఒకరోజు నాతో అన్నారు. అవి పూర్తిగా మొరాయించేలోపు తన కాంభోజి రాగాన్ని ఎక్కడైనా ఒక్కసారి దాచిపెట్టుకోవాలని ఆయన కోరిక.

అది అరవై తొమ్మిది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వల్ల కాలేజీలు మూతపడ్డాయి. నాకు పందొమ్మిదేళ్లు. పాలిటెక్నిక్‌లో రేడియో చదువు ఆగిపోయి, మూసారాంబాగ్‌లో ఒక రిపేరు దుకాణంలో పనికి కుదిరాను. యజమానిని అడిగి అక్కడి టేప్‌రికార్డర్ ఇంటికి తెచ్చాను. ఉన్నది ఒకే టేపు. అరవై నాలుగు నిమిషాలు. వాయించాల్సిన రోజు బంద్ కావడంతో మృదంగం వాయించే ఆయన మూసీ దాటి రాలేకపోయారు.

"యంత్రానికి తల ఊపడం రాదు కదటోయ్. నువ్వే తాళం వెయ్యి," అన్నారు సార్.

తొడ మీద తాళం వేశాను. చాలాసార్లు తప్పాను. ఆయన నవ్వుతూనే వాయించారు. అటువంటి కాంభోజి మళ్లీ వినలేదు.

పదకొండు రోజుల తర్వాత మా వీధి చివర సభ జరిగింది. ఉపన్యాసాన్ని టేపు చేసి చంపాపేట్‌లో కూడా వినిపించాలని నా స్నేహితుడొకడు వచ్చాడు. కొత్త టేపు కొందామంటే దుకాణాలన్నీ మూసి ఉన్నాయి.

"సార్ వాయించిన టేపు ఉన్నది గదరా, దాని మీదనే చెయ్యి. ఆయన యాడికి పోతడు? మీ ఇంట్లనే ఉంటడు, మల్ల వాయిస్తడు. గీ మాటలు మల్ల దొరుకుతయా?"

నాకది సబబుగానే తోచింది. తెలియక చేశానని అనలేను. రికార్డు మీట నొక్కితే ముందు పాతది చెరుగుతుంది, వెంటనే కొత్తది ఎక్కుతుంది. ఆ అమరిక బొమ్మ గీసి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. నొక్కాను. ఉద్యమం మీద నాకు నమ్మకం ఉండేది, ఇప్పటికీ ఉంది. తప్పు దానిది కాదు. కానీ సార్ గోదావరి వైపు కాక మా నల్లగొండ మనిషై ఉంటే, కనీసం ఒక మాట అడిగి ఉండేవాడినా? ఈ ప్రశ్న వేసుకోవడానికే చాలా ఏళ్లు పట్టింది.

ఉపన్యాసం అరవై నిమిషాలు నిండకముందే ముగిసింది. టేపు చివర నాలుగు నిమిషాల పది సెకన్ల కాంభోజి చెరగకుండా మిగిలింది.

మళ్లీ వాయించమని అడగాలంటే మొదటిది ఏమైందో చెప్పాలి కదా. రేపు, ఎల్లుండి అనుకుంటూ గడిపాను. నెల తిరగకముందే ఆయనకు పక్షవాతం వచ్చింది. ఎడమచేయి పడిపోయింది. దవాఖాన నుంచి తీసుకొచ్చిన మూడోరోజు మా అమ్మే నన్ను ఆ గదిలోకి తోసింది. సార్ మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నారు.

"ఏవోయ్, ఆ టేపు తెచ్చావా? విందాం."

"ఖరాబైంది సార్. తేమ పట్టింది."

"అంతానా?"

"అంతా."

"చివర్లో కాస్త? ఒక్క ముక్కయినా?"

"ఏం లేదు సార్."

ఎడమచేతిని కుడిచేత్తో ఒళ్లోకి తీసుకుని కాసేపు చూశారు. తర్వాత ఊరడించారు. నన్ను!

"పోన్లే. నీ తాళం కూడా పోయిందిగా, నా పరువు దక్కింది. నువ్వు విన్నావు. ఒకడు విన్నాడు, చాలు."

అలవాటు కొద్దీ నా తప్పులను వరుసగా రాసుకోబోయాను. ఒకటి, చెరిపాను. రెండు, దాచాను. మూడు దగ్గర ఆగిపోయాను. మొదటిది తొందరపాటు అనుకోవచ్చు, రెండోది భయం. మరి ఆ నాలుగు నిమిషాలు? చివరి ముక్కను బ్లేడుతో కోసి వేరే చక్రానికి చుట్టడం ఐదు నిమిషాల పని. మిగతాది పాడైందంటే ఆయన నమ్మేవారు కూడా. కానీ అంతా పోయిందని అప్పటికే అనేశాను. ఆ ఒక్క మాట నిలబెట్టుకోవడానికి, ఇంకా ఏడు నెలలు బతికి ఉన్న మనిషికి, గోడకు ఇవతలే ఉన్న ఆయన సంగీతాన్ని ఆయనకు వినిపించలేదు.

సార్ పోయాక ఆయన భార్య ఎల్‌బీ నగర్ దగ్గర విజయవాడ బస్సెక్కారు. వయొలిన్ పెట్టె నేనే అందించాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. "టేపు సంగతి మనసులో పెట్టుకోకు బాబూ," అని ఆవిడే అన్నారు. బస్సు కదిలింది.

నిన్న ఆ టేపు వేశాను. నినాదాలు, చప్పట్లు, టక్కుమని ఒక శబ్దం, వెంటనే సగంలోంచి కాంభోజి. దాని కింద నా అరచేతి చప్పుడు. ఒకచోట తప్పింది. చివర సార్ గొంతు, "బాగా వచ్చిందంటావా?" అని. "వచ్చింది సార్" అని నాది.

ఇది రాసినంత మాత్రాన నాకు క్షమ దొరకదు. ఇవ్వాల్సిన మనిషి లేరు. అయినా ఆరోజు ఆ మంచం పక్కన చెప్పాల్సిన మాటను ఈరోజు మొదటిసారి కాగితం మీద పెడుతున్నాను.

అంతా పోలేదు సార్. నాలుగు నిమిషాల పది సెకన్లు ఉంది.