దెజనీరా అత్తకు గిరాకీ

జనవరిలో వేసవి సెలవులు వచ్చాయంటే చాలు, ఫేరా దె సాంతానా అనే ఊళ్ళో దెజనీరా అత్తకు ఎక్కడలేని గిరాకీ. డెబ్భై మూడేళ్ళ మనిషి. ఎడమ మోకాలు ఆమె మాట వినదు, ఊళ్ళో మిగతావాళ్ళంతా వింటారు. ఆవిడను ఇతపారికా దీవికి తీసుకెళ్తామంటూ వీధిలో కారున్న ప్రతివాళ్ళూ పోటీలు పడేవారు. ప్రేమ పొంగిపోయి కాదు. దీవికి కారుతో వెళ్ళాలంటే సాల్వదోర్ రేవులో ఫెర్రీ ఎక్కాలి. సెలవుల్లో అక్కడి వరస ఐదారు గంటలు పడుతుంది. అదే కారులో అరవై దాటినవాళ్ళు ఒక్కరున్నా, పక్కనున్న పెద్దల వరసలో పావుగంటలో ఎక్కేయొచ్చు.

ఈ సంగతి అత్తకు తెలియదనుకున్నవాడు వట్టి వెర్రివాడు. నలభై ఏళ్ళు బడిపిల్లల యూనిఫారాలు కుట్టిన మనిషి, ఎదుటివాడి కొలత చూపుతోనే తీసేస్తుంది. తెలిసే వెళ్ళేది, షరతులు పెట్టి మరీ వెళ్ళేది. ముందు సీటు తనది. రేవులో రెండు అకరజే వడలు, కారం దండిగా, ఖర్చు వాళ్ళది. తీరా దీవికి వెళ్ళాక ఆమెను గొడుగు కింద కుర్చీలో కూలేసి, అందరి చెప్పులూ కాళ్ళ దగ్గర కుప్పపోసి, "చూస్తూండత్తా" అని నీళ్ళలోకి ఉరికేవాళ్ళు. పోనీలే, ఇంట్లో గోడలకు కాపలా కాసేకంటే సముద్రం ఒడ్డున చెప్పులకు కాపలా నయం అనుకునేది. పెళ్ళీ పిల్లలూ లేని ఇల్లు ఆమెది. వీధంతా దీవికి వెళ్ళిపోయి తానొక్కతే మిగిలే జనవరి అంటే ఆమెకు నిజంగా భయం.

ఆ ఏడు కార్నివాల్ పండగ ముందు శుక్రవారం అత్త తమ్ముడి కొడుకు నివాల్దో వంతు. ఫ్రిజ్జులు బాగుచేస్తాడు, మాట పొదుపు. వెనక సీట్లో పెళ్ళాం జుసియారా. రేవు చేరాక నివాల్దో తల బయటపెట్టి చూశాడు. మామూలు వరసలో నలభై కార్లు కూడా లేవు. పెద్దల వరస మాత్రం గేటు దాటి, పెట్రోలు బంకు దాటి, మలుపు తిరిగిపోయింది. ఊరందరికీ ఒకటే తెలివి మరి! ప్రతి కారు ముందు సీట్లోనూ ఒక అవ్వో తాతో. ఒక ఘనుడైతే ఎందుకైనా మంచిదని ముగ్గురిని వేసుకొచ్చాడు.

"ఏంట్రా ఇది, స్వర్గానికా వరస?" అంది అత్త.

"మామూలు దాంట్లోకి మారిపోదాం అత్తా."

"అంతమాత్రానికి నేనెందుకురా మరి? ఇంటి దగ్గర దింపేసి రా."

జుసియారా కిసుక్కున నవ్వింది. "అత్తయ్యకు కోపమొచ్చిందండోయ్."

"కోపమెందుకే? సరుకు ఎక్కువైతే ధర పడుతుంది, అంతే."

మారదామన్నా అప్పటికే వెనక పది కార్లు చేరి కదలనివ్వలేదు. ఇక కారులో ఉడకడమెందుకని పెద్దలంతా దిగి రేకుల నీడన చేరారు. ఎవరో డామినోల పెట్టె తీశారు. అత్త నాలుగాటలు గెలిచింది, ఐదోది ఓడి, తన జట్టులో ఆడిన రిటైరైన పోస్ట్‌మ్యాన్ కళ్ళద్దాల మీద నింద వేసింది. "ఆ కళ్ళతో ఇన్నాళ్ళూ ఎవరి ఉత్తరం ఎవరికిచ్చావో!" అనేసరికి, పిలవడానికొచ్చిన జుసియారా అక్కడే చతికిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది.

అంతలో రేవు మనిషి మైకు పట్టుకొచ్చాడు. సోమవారం నుంచి పద్ధతి మారుతోందట. బండి నడిపేవాళ్ళే పెద్దవాళ్ళయితేనే ఈ వరస. పక్కన కూర్చోబెట్టుకొస్తే చెల్లదు.

"నాకు సైకిలే రాదు నాయనా!" అన్నాడు పోస్ట్‌మ్యాన్. అందరూ గొల్లుమన్నారు. అత్త నవ్వలేదు. ఇక తనను పిలిచేదెవరు అన్న ఒక్క మాటే ఆమె బుర్రలో తిరిగింది.

మరుసటి జనవరి అత్త ఎప్పటిలాగే సంచి సర్దుకుంది. మొదటి వారం ఎవరూ రాలేదు. రెండో వారం ఎదురింటివాళ్ళు కారు నిండా ఎక్కి, హారన్ కొట్టి, చెయ్యూపి పోయారు. "ఈసారి మోకాలు బాగా లేదులే, నేనే రానన్నాను" అని రొట్టెల కొట్టువాడితో చెప్పింది. వాడు అడగనేలేదు. మూడో వారం సంచిలో బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టేసింది. తనకు వయసు తప్ప మరేమీ లేదన్నమాట, ఇప్పుడు దానికీ విలువ పోయింది.

నెలాఖరు శుక్రవారం పొద్దున్నే గుమ్మంలో హారన్ మోగింది. నివాల్దో.

"ఎక్కత్తా. దీవికి."

"దారి తప్పావేంట్రా? రూలు మారింది. నాతో నీకేం పని?"

నివాల్దో తల గోక్కున్నాడు. జుసియారానే దిగొచ్చింది.

"అత్తయ్యా, క్రిస్మస్ మర్నాడు మేమిద్దరమే వెళ్ళాం. వరసలో ఆరు గంటలు. ఫ్రిజ్జులు బాగుచేసీ చేసీ ఈయన కూడా ఫ్రిజ్జే అయిపోయాడు, ఒక్కసారి తలుపు తెరిస్తే ఒట్టు! ఇంకో ఆరు గంటలు అలా గడిస్తే నా పెళ్ళి నిలవదు. మీరొస్తేనే నేనెక్కుతాను."

"అంటే నన్ను వాగడానికి తీసుకెళ్తారా?"

"మరి? లేకపోతే దేనికి?"

అత్తకు ఏడుపొచ్చేసింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఏడుస్తూనే బీరువా తెరిచి, చేతికందిన బట్టలన్నీ సంచిలో కుక్కి, "ఉండండర్రా, పోకండి" అని లోపల్నుంచి రెండుసార్లు కేకేసింది.

రేవులో మామూలు వరస మలుపు దాటి ఉంది. అత్త మొదలుపెట్టింది. ఒకప్పుడు బడి ప్రారంభోత్సవం రోజున హెడ్‌మాస్టరమ్మ గౌనూ బ్యాండువాడి కోటూ తారుమారుగా కట్టి పంపిన కథ. జుసియారా కళ్ళు తుడుచుకుంటోంది. నివాల్దో స్టీరింగు మీద తల ఆనించి నవ్వుతున్నాడు. ముందు కార్లు కదిలిపోయిన సంగతి ముగ్గురూ చూడలేదు. వెనకవాడు హారన్ మీద హారన్ కొట్టాడు. నివాల్దో ఉలిక్కిపడి తాళం తిప్పబోతే, అత్త అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండరా, కథ సగంలో ఉంది. వాళ్ళను ముందుకు పోనీ. మనకేం తొందర?"