ఆవనూనె ఊరికి ఒక సీసా ఆలివ్ నూనె

విశాఖలో రైలు సాయంత్రం ఏడు దాటాక కదిలింది. బెర్తు కింద నా సంచీలో రెండు చొక్కాలు, ఒక తువ్వాలు, పాత లుంగీలో చుట్టిన ఆలివ్ నూనె సీసా ఉన్నాయి. వెళ్తున్నది బెంగాల్లోని ఖరగ్‌పూర్‌కి, మా బావ దగ్గరికి. అక్క పోయి రెండేళ్ళయింది. అప్పటి నుంచి బావ నాతో మాట్లాడలేదు.

తప్పు నాదే. పాతికేళ్ళు సరుకుల ఓడల్లో వంటవాడిగా పనిచేశాను. అక్క మంచాన పడ్డప్పుడు మాత్రం సముద్రం మీద లేను, విశాఖలో ఇంట్లోనే ఉన్నాను. వస్తానని ఫోనులో చెప్పడం, టికెట్ తియ్యకుండా వాయిదా వెయ్యడం. దినానికైనా వెళ్ళలేదు. ముఖం చెల్లకనే అని అందరికీ చెప్పుకున్నాను. నిజానికి అది బద్ధకం, ఆ తరవాత పిరికితనం.

మధ్యధరా సముద్రపు రేవులో ఒక ముసలామె దగ్గర నేర్చుకున్న కూర గురించి అక్కకు ఫోనులో ఊరించి చెప్పేవాణ్ణి. వంకాయ, టమాటా, ఉల్లి, క్యాప్సికం సన్నసెగ మీద చుక్క నీళ్ళు పొయ్యకుండా గంటల తరబడి మగ్గాలి. "వచ్చి వండిపెడతానే" అనేవాణ్ణి. ఆ కూర బావ చేతనైనా ఒక్క ముద్ద తినిపించాలని ఇప్పుడు బయల్దేరాను. వస్తున్నట్టు చెప్పలేదు.

పలాసలో ఎక్కిన పెద్దావిడ, లుంగీ జారి నా సంచీలోంచి తొంగిచూస్తున్న సీసాను చూసింది.

"ఏటి బాబూ, కీళ్ళనొప్పుల తైలమా?"

"వంటనూనె అమ్మా. ఖరగ్‌పూర్ తీసుకెళ్తున్నాను."

"ఆవనూనె ఊరికి నూనె మోసుకెళ్తన్నావా! బాగుంది నీ తెలివి" అని నవ్వి, నాకో జంతిక ఇచ్చింది.

ఉదయం ఆరింటికి దిగాను. ప్లాట్‌ఫాం ఈ చివర కొన్న టీ ఆ చివరికి వెళ్ళేసరికి చల్లారింది. స్టేషన్ దగ్గర లాడ్జీలో ఐదు వందలకు గది తీసుకున్నాను. బావ గుమ్మంలోంచే పంపేస్తే తల దాచుకోడానికి చోటుండాలి కదా. స్నానం చేసి, టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి, బావ ఇంటి దగ్గరున్న ఇందా మార్కెట్లో దిగాను. కూరలమ్మే ఆవిడ నా బుట్ట చూసి, "ఎతో టొమేటో! బియే బాడీ నాకి, దాదా?" అంది. పెళ్ళిల్లా అని అడుగుతోంది. తల అడ్డంగా ఊపాను.

ఎనిమిదిన్నరకు తలుపు కొట్టాను. బావ బాగా చిక్కిపోయాడు.

"ఏటి?"

"వంట చేద్దామని వచ్చినాను బావా."

తలుపు తీసే ఉంచి, వెళ్ళి వరండాలో నాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

అక్క వంటింట్లో మందపాటి గిన్నె వెతుక్కున్నాను. వంకాయ చక్రాలకు ఉప్పు రాసి, ఊరిన నీరు తుడిచాను. ఉల్లిపాయలు ఆలివ్ నూనెలో రంగు మారకుండా మెత్తబడ్డాక వెల్లుల్లి వేసి, ముక్కలన్నీ వరసలుగా పేర్చి, మూతపెట్టి సెగ బాగా తగ్గించాను. ఇక వేచి ఉండడమే. అక్కడే పీట మీద కూర్చున్నాను. గంటయ్యాక ఉండబట్టలేక మూత మీద చెయ్యి వేశాను.

"మూత తియ్యకురా. ఆవిరి పోతాది" అని వరండాలోంచి కేక వినిపించింది.

ఈయనకెలా తెలుసా అనుకున్నాను.

పన్నెండింటికి రైల్వే వర్క్‌షాప్ సైరన్ దూరంగా వినబడింది. నలభై ఏళ్ళు అక్కడ ఫిట్టరుగా చేసిన బావ ఆ కూత వినగానే లేచి, చేతులు కడుక్కుని, కంచం ముందు కూర్చున్నాడు. వడ్డించాను. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"ఇది కాదు" అన్నాడు.

"ఏటి కాదు బావా?"

"ఆ గూట్లో సీసా ఉంది, తే."

ఆవనూనె. కూర మీద ఒక చెంచాడు పోసుకుని, కలుపుకుని, మళ్ళీ తిన్నాడు.

"మీ అక్క దీంతోటే సేసేది."

"అక్క వండిందా?"

"నువ్వు ఫోన్లో సెప్పినావు గదా. నువ్వొస్తానన్న పెతిసారీ సేసినాది. మూడుసార్లు. ఉన్న నూనే పోసినాది. పొద్దు పోయేదాకా నీకోసం సూసి, సల్లారిపోనాక ఇద్దరం తినీవోళ్ళం. మూడోసారి నిలబడలేక కుర్సీ ఏసుకుని వండినాది."

నా కంచంలో అన్నం నేను కలపలేకపోయాను.

"తిను" అన్నాడు బావ. "పారేసే అలవాటు ఈ ఇంట్లో లేదు."

తిన్నాను. మూడు గంటల రైలు పట్టుకోవాలి. గుమ్మం దగ్గర ఒక స్టీలు డబ్బా నా చేతిలో పెట్టాడు. మూత మీద మేకుతో గీకిన అక్క పేరు ఉంది.

"మళ్ళీ వస్తాను బావా..."

"వస్తానని సెప్పకు. వస్తే రా."

బాలాసోర్ దగ్గరపడుతుండగా డబ్బా విప్పాను. మిగిలిన కూర మీద ఆవనూనె తేలుతోంది. ఆ ఘాటుకు కళ్ళు మండాయని ఎదురు సీటాయనతో అబద్ధమాడాను. ఖరగ్‌పూర్ వెళ్ళి ఈ కూర వండదలచినవారు నూనె మోసుకెళ్ళనక్కర్లేదు. అన్న మాట ప్రకారం వెళ్తే చాలు.

"ఏం కూరండీ?" అని ఆయనే మళ్ళీ అడిగాడు.

"మా అక్కది" అన్నాను.

డబ్బా తుడిచి సంచీలో పెట్టుకున్నాక, ఫోన్లోనే వచ్చే నెలకు టికెట్ తీసుకున్నాను. బావకు చెప్పలేదు.