అంతా క్షేమమని రాసిన ఏడాది

మొన్న ఆదివారం అల్లుడు మా వికారాబాద్ ఇంటికి కాగితాల కట్టతో వచ్చి, మనవరాలికి పరదేశంలో యూనివర్సిటీ సీటు వచ్చిందని చెప్పి, పంపేముందు అడగవలసినవన్నీ రాసుకున్న నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "అత్తమ్మా, మీరు పంతులమ్మగ చేసిన్రు గద, ఇందుల ఏమన్న ఇడ్సిపెట్టిన్నా జర చూడున్రి" అన్నాడు. రెండు పేజీల నిండా ప్రశ్నలే. ఆ చదువుకు గుర్తింపు ఉందా, గది కాలేజీకి ఎంత దూరం, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, మనవాళ్లెవరైనా దగ్గర్లో ఉన్నారా. చదువుతుంటే నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే మా నాయన గుర్తొచ్చారు.

మాది తాండూరు, నాయనది కందుల వ్యాపారం. ఏ సంచినీ ఆయన పైపైన చూసి కొనేవారు కాదు. నడుమకు ఇనుప గొట్టం గుచ్చి, గింజలు అరచేతిలోకి రాల్చుకుని, రెండు కొరికి చూశాకే బేరం. పదో తరగతి పాసై నేను వికారాబాద్ హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతానంటే, రైలెక్కితే గంట ప్రయాణమే అయినా మా ఇంటికి అదే పరదేశం, మా వాడలో అప్పటిదాకా చదువుకని గడప దాటిన ఆడపిల్ల లేదు మరి. మన ఈడు ఆడవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

హాస్టల్ వార్డెనమ్మ ఎంత బాగా చెప్పినా నాయన నమ్మలేదు. "అమ్మెటోడు తన సరుకు పుచ్చున్నదంటడా?" అని, అమ్మను వెంటబెట్టుకుని, సెలవులకు ఇళ్లకు పోయే హాస్టల్ పిల్లలు రైలు కోసం కూర్చునే వికారాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద రెండు రోజులు కాపు కాశారు. అమ్మ మురుకుల డబ్బా విప్పేది, నాయన అడిగేవారు. జ్వరమొస్తే గంజి ఎవరు కాస్తారు, పప్పు ఉడుకుతుందా, ఏడుపొస్తే ఎక్కడ కూర్చుని ఏడుస్తారు? ఈ చివరిదానికి పిల్లలు పగలబడి నవ్వి, నీళ్ల ట్యాంకు వెనక అన్నారట. పోనీలే, ఒక చోటైతే ఉంది అని నాయన తృప్తిపడి నన్ను చేర్పించారు.

తెలుగులో చదివినదాన్ని సైన్సు గ్రూపులో కూర్చుంటే పాఠమంతా ఇంగ్లీషు. నెల తిరిగేసరికి ఒక్క ముక్క బుర్రకెక్కడం లేదని తెలిసిపోయింది, నీళ్ల ట్యాంకు వెనక నేనూ కూర్చున్నాను. అయినా శనివారం శనివారం ఇంటికి రాసే కార్డులో అంతా క్షేమమనే రాశాను. వ్యాపారస్తుల ఇంటి అలవాటు అది. నష్టమొచ్చిన రోజే నాయన ఉతికిన తెల్ల పంచె కట్టుకుని నవ్వుతూ బజారుకు పోయేవారు, నష్టమని నోరు జారితే మర్నాడు ఎవరూ సరుకివ్వరు. ఆయన్ని చూస్తూ పెరిగిన నాకు చెడ్డ మాట రాయడమే చేతకాలేదు. ఏడాది చివర పరీక్షల్లో తెలుగు ఒక్కటే గట్టెక్కింది.

నాయన వచ్చి తిడతారనుకున్నాను. ఆయన హాస్టల్ మెట్ల మీద నా పక్కన కూలబడి, "గంత మందిని అడిగితి, కష్టమొస్తే చెప్తవా బిడ్డా అని నిన్నొక్కదాన్ని అడగకపోతి" అన్నారు. మరుసటి ఏడు గ్రూపు మార్చి, మొదటినుంచి చదివించారు.

అందుకే అల్లుడికి నోటుబుక్కు తిరిగిచ్చి, అన్నీ బాగున్నాయి బాబూ, ఒక్కటి తక్కువైంది, అది నీ బిడ్డను అడగవలసింది అని, ఎదురుగా కూర్చున్న మనవరాలినే అడిగాను, ఎన్నడైనా మీ డాడీకి చెడ్డ కబురు చెప్పావా అని. మొదట నవ్వింది. తర్వాత తల దించుకుంది. "అమ్మమ్మా, బీటెక్ సెకండియర్ల నెల రోజులు క్లాసుకే పోలే. హాస్టల్ రూంలనే పండుకున్న. లేవబుద్ధి కాకపోయేది" అంది.

అల్లుడు తెల్లబోయాడు. "రోజూ వీడియోల మాట్లాడితిమి గద బిడ్డా?"

"నువ్వు చేసే టైంకు లేచి మొఖం కడుక్కొని, జుట్టు దువ్వుకొని కూసుంటుంటి డాడీ. నువ్వు ఫికర్ చేస్తవని."

అతను కాగితాలు పక్కన పెట్టి, పోవాలని నీకున్నదా అని అడిగాడు. ఉంది అంది, కానీ అక్కడ మళ్లీ అట్లయితే ఎవరితో చెప్పుకోవాలో తెలియదంది. వెళుతుందో, ఒక ఏడు ఆగుతుందో ఇంకా తేలలేదు. ఆ పూటంతా తండ్రీకూతుళ్లు మా వరండాలో కూర్చుని మాట్లాడుకుంటూనే ఉన్నారు, నేను రెండుసార్లు చాయ్ పెట్టిచ్చాను.

ఆ రోజుల్లో నా మొఖం చూసే వీలుంటే నాయన ఇట్టే కనిపెట్టేవారని ఇన్నేళ్లూ అనుకున్నాను. అల్లుడు బిడ్డ మొఖం రోజూ చూశాడు పాపం.