పిన్నమ్మ నీళ్లాటలు

నా చిన్నప్పుడు మా ఇంటి పిల్లలెవరూ చేని బావి దగ్గరకు పోకూడదు. పోకూడదని రోజూ చెప్పేవాళ్లు, ఎందుకు పోకూడదో మాత్రం ఎవరూ చెప్పేవాళ్లు కాదు. ఉదయగిరికీ సీతారామపురానికీ మధ్యలో మాదొక మెట్ట ఊరు. మిద్దె ఎక్కి చూస్తే దూరంగా కొండ మీద కోట గోడలు కనిపించేవి. చైత్రం దాటితే ఆ కొండ నుంచి వచ్చే గాలి కూడా పొయ్యి దగ్గర నిలబడ్డట్టే ఉండేది. మధ్యాహ్నం వాకిట్లో చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేం. అటువంటి ఎండల్లో, ఇంటికి కూతవేటు దూరంలో అంత బావి ఉండి కూడా, నేనూ మా తమ్ముడూ తాటాకు విసనకర్ర పట్టుకుని పంచలో పడి ఉండేవాళ్లం.

ఎందుకు పోకూడదో నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. మా నాయన తర్వాత, మా చిన్నాయనకు ముందు, మా అవ్వకు ఇంకొక కొడుకు ఉండేవాడట. ఎనిమిదేళ్లప్పుడు ఆ బావిలో పడి చనిపోయాడు. నేను పుట్టక ముందు సంగతి. ఇంట్లో ఆ పిల్లవాడి పేరు ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. మా అవ్వ చేలోకి పోవాల్సి వచ్చినా బావి దారిన పోయేది కాదు, గట్టు చుట్టి అవతలి వైపు నుంచి పోయేది. మా నాయనకు గానీ చిన్నాయనకు గానీ ఈత రాదు. అంత వ్యవసాయం చేసే ఇంట్లో నీళ్లలో దిగడం తెలిసిన మనిషి ఒక్కరూ లేరు.

నాకు తొమ్మిదేళ్ల వయసప్పుడు మాఘమాసంలో మా చిన్నాయనకు పెళ్లయింది. మా పిన్నమ్మది ఆత్మకూరు దిగువన, పెన్న ఒడ్డు ఊరు. సన్నగా, చామనఛాయగా ఉండేది, నడక వేగం. ఏటి ఒడ్డున పుట్టి పెరిగిన పిల్ల మా మెట్టకు వచ్చి పడింది. మూడు నెలలు ఎట్లాగో నెట్టుకొచ్చింది గానీ, ఎండలు ముదిరేసరికి ఆమె ముఖం వాడిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం మా పక్కన పంచలో కూర్చుని, "ఈ టయానికి మా ఊళ్లో పిల్లోళ్లంతా ఏట్లోనే ఉంటారు. మీరేం చేస్తారు?" అని అడిగింది.

"ఏం చెయ్యం," అన్నాడు మా తమ్ముడు.

ఆమెకు ఆ జవాబు నచ్చలేదనుకుంటాను. లేచి వెళ్లి పెళ్లిళ్లకు వాడే పెద్ద గంగాళాన్ని దొర్లించుకుంటూ తెచ్చింది. పెరట్లో వేపచెట్టు కింద పెట్టి, చేదబావి నుంచి నాలుగు బిందెలు తోడి నింపింది. గుప్పెడు చింతగింజలు అందులో వేసి, "ముఖం నీళ్లలో పెట్టి, కళ్లు తెరిచి, అడుగున ఎన్ని ఉన్నాయో లెక్క చెప్పండి చూద్దాం," అంది. అదే మొదటి ఆట.

తమ్ముడికి అప్పుడు ఏడేళ్లు. వాడు వెంటనే తల ముంచేశాడు. నేను ముక్కు దాకా పెట్టి, తడి తగలగానే వెనక్కి తీసేసుకున్నాను. నీళ్లంటే మనిషిని తీసుకుపోయేవని నాకు ఎవరూ చెప్పకుండానే నేర్పారు. పిన్నమ్మ భయపడొద్దని అనలేదు, నవ్వలేదు. తనే తల ముంచి, చాలాసేపు ఉండి, జుట్టంతా నీళ్లు కారుతుండగా పైకి లేచి, "పద్నాలుగు వరకూ లెక్కేసినాను, మళ్లా తప్పిపోయింది. నువ్వన్నా చెప్పమ్మే," అంది. ఆ లెక్క తేల్చాలన్న పట్టుదలతో నేను ఎప్పుడు తల ముంచానో నాకే తెలియలేదు.

నీళ్లన్నీ పారబోస్తున్నారని మా అవ్వ కేకలేసింది. పిన్నమ్మ గంగాళాన్ని నెమ్మదిగా పక్కకు వంచి, తోటకూర మడిలోకి కాలువ చూపించి, "పారబొయ్యడం లేదత్తా, పిల్లోళ్లు ఆడినాక మడికి పెడతా ఉన్నాను," అంది. ఎటూ మడికి పోయాల్సిన నీళ్లే గదా, అవ్వ గొణుక్కుంటూ లోపలికి పోయింది.

ఇక అప్పటి నుంచి రోజుకొక ఆట. బొప్పాయి కాడ కోసి ఇచ్చి, నీళ్లలో ఎవరు ఎక్కువసేపు బుడగలు ఊదుతారో చూసేది. తడిపిన పంచెను గాలికి ఎగరేసి నీళ్ల మీద కొడితే లోపల గాలి పట్టి బూరెలా ఉబ్బుతుంది, దాన్ని కావలించుకుంటే మనిషి కూడా తేలొచ్చని చెప్పింది. కొన్నాళ్లకు గంగాళం చాలలేదు. చేలో ఇంజను పోసే నీళ్లు ముందు ఒక సిమెంటు తొట్టిలో పడి, అక్కడ నుంచి కాలువలోకి పోయేవి. నా నడుము లోతు తొట్టి. అయితే అది బావి గట్టు మీదే ఉండేది. పిన్నమ్మ చిన్నాయనను ఎట్లా ఒప్పించిందో గానీ, "తొట్టి వరకే. అమ్మకు తెలిస్తే ఇద్దర్నీ ఇంట్లో నుంచి ఎల్లగొడతాది," అన్నాడాయన. అవ్వ మధ్యాహ్నం కునుకు తీసే వేళకు మేం ముగ్గురం చప్పుడు కాకుండా చేలోకి పోయేవాళ్లం.

తొట్టిలో ఆడిన ఆటల్లో రెండు బాగా గుర్తు. ఒకటి దుంగాట. వెల్లకిలా పడుకుని, చెవులు నీళ్లలో మునిగేలా తల వెనక్కి వాల్చి, ఆకాశం చూస్తూ దుంగలా ఉండిపోవాలి. కదిలినవాళ్లు ఓడినట్టు. రెండోది తువ్వాలాట. ఒకరు మునిగిపోతున్నట్టు చేతులు కొట్టుకోవాలి. రెండోవాళ్లు గట్టు మీద పడుకుని తువ్వాలు విసిరి, దాంతోనే లాగాలి. ఆత్రంగా నీళ్లలోకి దూకిపోతే ఆట పోయినట్టే. మా తమ్ముడు ప్రతిసారీ దూకి ఓడిపోయేవాడు. "నువ్వూ మునిగితే మీ అక్కను ఎవుర్రా తీసేది?" అని పిన్నమ్మ వాణ్ణి మళ్లీ గట్టు మీద పడుకోబెట్టేది. ఇవన్నీ ఆటలనే అనుకున్నాం. నవ్వీ నవ్వీ ఇంటికి వచ్చేవాళ్లం, తల తడి ఆరేదాకా అవ్వ కంట పడకుండా తిరిగేవాళ్లం.

ఒకరోజు ఇంజను బెల్టు తెగింది. కొత్తది తేవడానికి చిన్నాయన పొద్దున్నే బస్సెక్కి ఉదయగిరి పోయాడు. తొట్టి ఎండిపోయి ఉంది. మేం దాని గట్టు మీద కాసేపు కూర్చున్నాం. పిన్నమ్మ బావిలోకి చూసింది. నా వైపు చూసింది. తర్వాత ఇంజను కొట్టంలో వేలాడుతున్న ఎండు సొరకాయ బుర్రలు రెండు తీసుకొచ్చింది. విత్తనాలు దాచుకునే బుర్రలవి. వాటిని తాడుతో నా వీపుకు కట్టి, ఇంకో పొడుగాటి తాడు నడుముకు చుట్టి, దాని కొసను ఇంజను ఇనుప గొట్టానికి ముడేసింది. తమ్ముణ్ణి పై మెట్టు మీద కూర్చోబెట్టి, అక్కడ నుంచి లేస్తే ఇంకెప్పుడూ ఆటకు పిలవనని చెప్పింది.

బావి మెట్లు దిగుతుంటే లోపలి చల్లదనం కాళ్ల నుంచి పైకి పాకింది. గోడల్లో పావురాలు రెక్కలు కొట్టుకున్నాయి. నీళ్లు ముదురు పచ్చగా ఉన్నాయి, అడుగు కనిపించలేదు. పిన్నమ్మ చీర గోచీలా బిగించి ముందు తను దిగింది. చేతులు చాచింది. నేను ఆఖరి మెట్టు మీద ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను. ఆమె తొందర పెట్టలేదు. చివరికి దిగాను. కాళ్ల కింద ఏమీ లేదని తెలిసింది. ఆమె మెడ గట్టిగా పట్టుకున్నాను. "దుంగాటమ్మే. రోజూ ఆడేదే గదా," అని చెవి దగ్గర మెల్లగా చెప్పింది. ఆమె చెయ్యి వీపు కిందికి వచ్చింది. తల వెనక్కి వాల్చాను. చెవుల్లోకి నీళ్లు వచ్చి లోకంలోని చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. పైన గుండ్రంగా ఆకాశం ఒక్కటే ఉంది. నేను తేలుతున్నాను.

ఆ గుండ్రటి ఆకాశం అంచున మా అవ్వ ముఖం కనిపించింది.

ఆమె ఎప్పుడు లేచిందో, ఎందుకు ఆ దారిన వచ్చిందో తెలియదు. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. గట్టు మీద రెండు చేతులూ ఆనించి వంగి చూస్తోంది. పిన్నమ్మ కూడా పైకి చూసింది, అయినా నా వీపు కింది నుంచి చెయ్యి తీసెయ్యలేదు. "అదరబాక. ఆట ఇంకా అయిపోలా," అంది నాతో. అట్లాగే నెమ్మదిగా మెట్టు దగ్గరకు చేర్చి, నన్ను పైకి ఎక్కించింది.

అవ్వ నా తలను కొంగుతో తుడిచింది. వీపున కట్టిన బుర్రలు తడిమి చూసింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని ఇంటి దారి పట్టింది. తిట్టి ఉంటే మాకు అంత భయం వేసేది కాదు.

రెండు రోజులు అవ్వ పిన్నమ్మతో మాట్లాడలేదు. ఆమె వడ్డించిన అన్నం ముట్టలేదు, మా అమ్మ పెడితేనే తిన్నది. చిన్నాయన తల వంచుకుని తిరిగాడు. పుట్టింటికి పంపించేస్తారేమోనని నాకు ఏడుపొచ్చింది. అత్త కాళ్లు పట్టుకుని తప్పయిందని చెప్పమని మా అమ్మ పిన్నమ్మకు నచ్చజెప్పింది. వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చున్న పిన్నమ్మ, "అడక్కుండా తీసకపోయింది తప్పేనక్కా. దానికి కాళ్లు పట్టుకుంటాను. నేర్పించింది తప్పని మాత్రం ఎట్ట చెప్పేది?" అంది. ఆ మాటలు వినపడేంత దగ్గరలోనే అవ్వ మంచం ఉంది.

మూడో రోజు అన్నాలయ్యాక అవ్వ పిన్నమ్మను పిలిచింది. నేను అవ్వ మంచం కోడు పక్కనే కూర్చుని ఉన్నాను. నన్ను వెళ్లిపొమ్మని ఎవరూ అనలేదు.

"ఈ పిల్ల ఎంతసేపు తేలుతాది?" అని అడిగింది అవ్వ.

"చెయ్యి తీసేసినా నూరు లెక్కపెట్టేదాకా ఉంటాదత్తా."

అవ్వ నేలను చూస్తూ చెప్పింది. "ఆ పొద్దు నా బిడ్డ మునిగేటప్పుడు మెట్టు వాడికి మూరెడు దూరంలోనే ఉండింది. చెయ్యి చాపి ఉంటే అందేది. బావిలో దిగబాకరా అని రోజుకు పదిసార్లు చెప్పినాను వాడికి. దిగితే ఏం చెయ్యాల్నో ఒక్కసారన్నా చెప్పలా. నాకే తెలవదు, ఇంక వాడికేం చెప్తాను?"

పిన్నమ్మ ఆమె పాదాల దగ్గర కూలబడిపోయింది. అవ్వ ఆమె తల మీద చెయ్యి వేసి, మామూలు గొంతుతో, "రేపు ఎన్ని గంటలకు పోతారు? నేనూ వస్తాను. తాడు ఇనప గొట్టానికి కట్టబాక, నా చేతికియ్యి," అంది.

అన్నట్టే వచ్చింది. అన్నేళ్లుగా చుట్టి తిరిగిన గట్టు మీద నుంచి నేరుగా నడిచి వచ్చి, నాలుగు మెట్లు దిగి కూర్చుని, తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది. నేను కాళ్లు ఆడించినప్పుడల్లా ఆమె పెదవులు కదిలేవి. నాకు తాడు అవసరం తీరిపోయాక కూడా ఆమె విప్పనివ్వలేదు. ఆ తర్వాత తమ్ముడి వంతు వచ్చింది. వాడి తర్వాత, ముప్పై ఏళ్లు దాటిన మా చిన్నాయన సిగ్గుపడుతూ బావిలో దిగితే, ఆయన నడుముకూ అవ్వ చేతి తాడే.

ఆ ఎండాకాలం చివర్లో ఒకరోజు ఇంజను తిప్పితే తొట్టి నిండింది. మా తమ్ముడు దోసిలితో నీళ్లు తీసి అవ్వ మీద చల్లాడు. మేమందరం బిగుసుకుపోయాం. అవ్వ కొంగు దోపుకుని, తొట్టి గోడ పట్టుకుని, ఆ వయసులో లోపలికి దిగి కూర్చుంది. ఇంజను గొట్టం నుంచి దూకే ధార కింద తల పెట్టింది. నెరిసిన జుట్టు ముఖమంతా అతుక్కుపోయింది. మా నాయన పార పట్టుకుని గట్టు మీద అట్లాగే నిలబడిపోయి చూశాడు. "వాడికీ నీళ్లంటే ప్రాణం," అంటూ అవ్వ పోయిన కొడుకు పేరు చెప్పింది. ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. అది విని మా నాయన గబుక్కున అటు తిరిగి కాలువ గట్టు సవరించడం మొదలుపెట్టాడు. ఆ సాయంత్రం నుంచి మా ఇంట్లో ఆ పేరు మామూలుగా వినిపించేది. వాడు ఏం తినేవాడు, ఎవరితో పోట్లాడేవాడు, బడి ఎగ్గొట్టి ఎక్కడ దాక్కునేవాడు, అన్నీ అవ్వే చెప్పేది.

ఇప్పుడు నాకు అరవై దాటి చాలాకాలమైంది. ఆత్మకూరులో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఎండాకాలం సెలవలకు పిల్లలు చేరితే మేడ మీద ప్లాస్టిక్ తొట్టి నింపి ఆటలు నేనే మొదలుపెడతాను. మా పిన్నమ్మ కలిగిరిలో కొడుకు దగ్గర ఉంది, మోకాళ్లు పట్టేశాయి. పోయిన ఏడు చూడ్డానికి వెళ్లినప్పుడు, నాకు భయం పోగొట్టింది నువ్వే పిన్నమ్మా అన్నాను. "నేనేం నేర్పినానే, ఆ ఎండ తట్టుకోలేక ఆడుకున్నాను," అని నవ్వేసింది. నిజం ఆ రెంటి మధ్యలో ఎక్కడో ఉండి ఉంటుంది.

నేను మనసులో ఉంచుకున్నది ఆ మూడో రోజు మా అవ్వ పిన్నమ్మతో అన్న మాట. బిడ్డలను పెంచేటప్పుడు వద్దు అనే మాట ఎంత సులువుగా వస్తుందో నాకు తెలుసు. కూతురు ఒంటరిగా హాస్టలుకు పోతానన్నప్పుడు వచ్చింది. మనవరాలు స్కూటీ కొనమన్నప్పుడు వచ్చింది. కొన్నిసార్లు ఆపుకున్నాను, కొన్నిసార్లు అనేశాను. అనేసిన రోజున మాత్రం నిద్రపోయే ముందు పిల్లను మళ్లీ దగ్గరకు పిలుస్తాను. నేను వద్దన్నా ఒకవేళ నువ్వు వెళితే, అక్కడ కాలు జారితే, ఏం చెయ్యాలో కూర్చుని చెబుతాను. నాకు తెలియకపోతే, తెలిసినవాళ్ల దగ్గరకు ఇద్దరం కలిసి వెళతాం.